విదేశీ మారక విపణిలో స్వయంచాలిత వ్యాపార వ్యూహాలు: రూపకల్పన చరిత్ర – ఒక పరిశీలన (1971–2025)

వ్యాససంగ్రహం:

ఒక దేశపు ద్రవ్యాన్ని మరో దేశపు ద్రవ్యంతో మార్చుకొనే విపణిలో, ఎప్పుడు కొనాలో ఎప్పుడు అమ్మాలో ముందుగా రాసుకున్న నియమాల ప్రకారం కంప్యూటరే నిర్ణయించడం నేడు సర్వసాధారణమైంది. ఈ పద్ధతిని సాంకేతిక ప్రగతి కథగా చెప్పడం పరిపాటి. 1971 తర్వాతి ముఖ్య ఘట్టాలను, వాటిపై వెలువడిన పరిశోధనలను వరుసగా చూసినప్పుడు మరో విషయం స్పష్టమవుతుంది. ప్రతి వ్యూహమూ తన కాలపు సంస్థాగత ఏర్పాట్లను, అంటే కేంద్ర బ్యాంకుల విధానాన్ని, వ్యాపార వేదికల నిబంధనలను, ప్రభుత్వ చట్టాలను, మారనివిగా భావించి రూపొందింది. ఆ ఏర్పాట్లు మారిన రోజున వ్యూహం విఫలమైంది. ఈ పరిణామ క్రమాన్ని, దాని భారతీయ సందర్భాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విదేశీ మారక విపణి, అల్గారిథమ్, వడపోత నియమం, కేంద్ర బ్యాంకు జోక్యం, గత సమాచార పరీక్ష, కరెన్సీ ఫ్యూచర్స్, రిజర్వ్ బ్యాంక్.

1. ఉపోద్ఘాతం:

అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు మూడేళ్లకొకసారి జరిపే సర్వే ప్రకారం 2022 ఏప్రిల్‌లో ప్రపంచ విదేశీ మారక విపణిలో రోజుకు సగటున 7.5 లక్షల కోట్ల డాలర్ల లావాదేవీలు జరిగాయి. షేర్ మార్కెట్ల వలె దీనికి ఒకే భవనమో, ఒకే ఎక్స్ఛేంజో లేదు. బ్యాంకులు, బ్రోకర్లు, నిధుల నిర్వాహకులు, ఎగుమతి దిగుమతి సంస్థలు, కేంద్ర బ్యాంకులు పరస్పరం జరిపే లావాదేవీల సముదాయమే ఈ విపణి. సోమవారం ఆసియాలో మొదలై శుక్రవారం న్యూయార్క్‌లో ముగిసే వరకు ఇది ఆగకుండా నడుస్తుంది. మనిషి నిద్రపోయే వేళల్లోనూ ధర కదులుతూనే ఉంటుంది కాబట్టి యంత్రానికి పని అప్పగించాలనే ఆలోచన ఈ రంగంలో సహజంగానే బలపడింది.

స్వయంచాలిత వ్యూహంలో సాధారణంగా నాలుగు అంగాలు ఉంటాయి. మొదటిది ప్రవేశ నియమం: ఏ పరిస్థితిలో కొనాలి లేదా అమ్మాలి అనేది. రెండవది నిష్క్రమణ నియమం: లాభంతో గానీ నష్టంతో గానీ ఎప్పుడు బయటపడాలి అనేది. మూడవది పరిమాణ నియమం: ఒక్కో లావాదేవీలో ఎంత సొమ్మును ప్రమాదంలో పెట్టాలి అనేది. నాలుగవది అమలు పద్ధతి: ఆర్డరును ఏ వేదికపై, ఏ ధరకు, ఎంత వేగంగా పంపాలి అనేది. ఈ నాలుగూ ప్రోగ్రాములో కనిపిస్తాయి. వీటి కింద కనిపించని అయిదవ అంగం ఒకటి ఉంది. విపణి రేపు కూడా ఇదే నిబంధనలతో నడుస్తుందన్న ఊహ అది. రూపకర్త దీన్ని రాయడు, రాయనవసరం లేదనుకుంటాడు. స్వయంచాలిత వ్యూహాల చరిత్రలో పెద్ద నష్టాలు ఈ అయిదవ అంగం దగ్గరే సంభవించాయి.

2. స్థిర రేట్ల అంతం – నియమాలకు ఏర్పడిన అవకాశం:

1944 జూలైలో 44 దేశాల ప్రతినిధులు అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో సమావేశమై కుదుర్చుకున్న ఏర్పాటులో ఔన్సు బంగారం 35 డాలర్లుగా, ఇతర ద్రవ్యాలు డాలరుతో ముడిపడి ఉండేవి. మారకపు రేటు నిర్ణీత విలువకు ఒక శాతం పైకి గానీ కిందికి గానీ మించి కదలకుండా కేంద్ర బ్యాంకులు చూసుకొనేవి. అటువంటి విపణిలో రోజువారీ ధరల కదలికను అనుసరించే నియమానికి పెద్దగా పని లేదు. విలువ తగ్గింపు జరుగుతుందా లేదా అనే ఒక్క ప్రశ్నే అక్కడ ముఖ్యం. దాని జవాబు ధరల పట్టికలో కాక ప్రభుత్వ కార్యాలయాల్లో ఉండేది.

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ డాలరును బంగారంగా మార్చి ఇచ్చే హామీని నిలిపివేశారు. అదే ఏడాది డిసెంబరులో స్మిత్సోనియన్ ఒప్పందం ద్వారా కొత్త స్థిర రేట్లను నిలబెట్టే ప్రయత్నం జరిగింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1973 మార్చి నాటికి ప్రధాన ద్రవ్యాలు తేలియాడే రేట్ల పద్ధతిలోకి మారాయి. ఈ మార్పును ముందుగానే ఊహించిన వారిలో చికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజ్‌కు చెందిన లియో మెలమెడ్ ఒకరు. కరెన్సీ ఫ్యూచర్స్ ఆవశ్యకతపై ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ చేత 1971లో పత్రం రాయించి, దాని మద్దతుతో 1972 మే 16న అంతర్జాతీయ ద్రవ్య విపణి పేరిట ఏడు ద్రవ్యాల ఫ్యూచర్స్ వ్యాపారాన్ని ఆ సంస్థ ప్రారంభించింది. వ్యవసాయ సరుకుల ఫ్యూచర్స్‌లో అలవాటైన నియమబద్ధ వ్యాపార పద్ధతులు కరెన్సీలకు వర్తించే మార్గం దీనితో ఏర్పడింది.

3. వడపోత నియమం – తొలి పరీక్షలు:

కంప్యూటరు ఆర్డరు పెట్టడానికి చాలా ముందే నియమాన్ని కంప్యూటరుతో పరీక్షించడం మొదలైంది. సిడ్నీ అలెగ్జాండర్ 1961లో షేర్ ధరలపై చేసిన అధ్యయనంలో వడపోత నియమాన్ని ప్రవేశపెట్టారు. ధర తన ఇటీవలి కనిష్ఠం నుంచి నిర్ణీత శాతం పెరిగితే కొనాలి. ఇటీవలి గరిష్ఠం నుంచి అంతే శాతం తగ్గితే అమ్మాలి. ఉదాహరణకు డాలరు విలువ 80 రూపాయల కనిష్ఠానికి చేరిందనుకుందాం. ఒక శాతం వడపోత ప్రకారం 80.80కి చేరినప్పుడు కొనాలి. ఆ తర్వాత అది 84కు పెరిగి వెనుదిరిగితే 83.16 వద్ద అమ్మాలి. చిన్న చిన్న కదలికలను వదిలేసి పెద్ద ధోరణిని మాత్రమే పట్టుకోవడం దీని లక్ష్యం. అల్పకాలిక సగటు ధర దీర్ఘకాలిక సగటును దాటినప్పుడు కొనే చలన సగటు నియమం కూడా ఈ కోవకే చెందుతుంది. షేర్ల విషయంలో యూజీన్ ఫామా, మార్షల్ బ్లూమ్ 1966లో పరీక్షించి, లావాదేవీ ఖర్చులను లెక్కిస్తే వడపోత నియమాల వల్ల ప్రయోజనం ఉండదని తేల్చారు.

కరెన్సీల విషయంలో ఫలితం వేరుగా వచ్చింది. మైఖేల్ డూలీ, జెఫ్రీ షేఫర్ 1973 మార్చి నుంచి 1981 నవంబరు వరకు తొమ్మిది ద్రవ్యాల రోజువారీ రేట్లపై వడపోత నియమాలను పరీక్షించి, తమ అధ్యయనాన్ని 1983లో ప్రచురించారు. చిన్న శాతాల వడపోతలు మొత్తం కాలానికి చాలావరకు లాభాన్నే చూపాయి. అయితే మధ్యలో నష్టపోయిన దశలూ ఉన్నాయి. అదే 1983లో రిచర్డ్ మీస్, కెన్నెత్ రోగాఫ్ మరో అధ్యయనాన్ని ప్రచురించారు. వడ్డీ రేట్లు, ద్రవ్య సరఫరా వంటి మౌలిక అంశాలతో నిర్మించిన ఆర్థిక నమూనాలు మారకపు రేటును అంచనా వేయడంలో ‘రేపటి ధర ఈనాటి ధరే’ అనే సాదా ఊహను కూడా మించలేకపోయాయని వారు నిరూపించారు. సిద్ధాంతం చెప్పలేని చోట ధరల పట్టికను మాత్రమే చూసే యాంత్రిక నియమం లాభం చూపడం ఆనాటి ఆర్థికశాస్త్రానికి ఇబ్బందికరమైన ప్రశ్న అయింది.

డీలర్లకు మాత్రం ఇది వింతగా తోచలేదు. మార్క్ టేలర్, హెలెన్ అలెన్ 1988లో లండన్ విదేశీ మారక డీలర్ల మధ్య సర్వే జరిపి, 1992లో ఫలితాలను ప్రచురించారు. కనీసం 90 శాతం మంది ఏదో ఒక కాలపరిమితిలో ధరల చార్టులపై ఆధారపడే సాంకేతిక విశ్లేషణకు కొంత ప్రాధాన్యం ఇస్తున్నట్లు అందులో తేలింది. కాలపరిమితి తగ్గేకొద్దీ ఆ ప్రాధాన్యం పెరిగింది.

4. లాభం ఎక్కడి నుంచి వచ్చింది?

ధోరణిని అనుసరించే నియమం లాభపడాలంటే ధోరణి ఉండాలి. 1970, 1980 దశకాల కరెన్సీ ధరల్లో ధోరణి ఎందుకు ఏర్పడింది అన్న ప్రశ్నకు వచ్చిన సమాధానాల్లో కేంద్ర బ్యాంకుల జోక్యం ప్రధానమైనది. రేటు వేగంగా పడిపోకుండా ఒక కేంద్ర బ్యాంకు రోజుకు కొంత చొప్పున తమ ద్రవ్యాన్ని కొంటే, ఒక్కసారిగా జరగవలసిన మార్పు అనేక రోజులకు విస్తరిస్తుంది. అలా నెమ్మదించిన మార్పును నియమం ధోరణిగా గుర్తిస్తుంది. లాభం కోసం కాక స్థిరత్వం కోసం వ్యాపారం చేసే పెద్ద సంస్థ ఒకటి ఎదురుగా ఉండటం వల్ల నియమానికి ఆదాయం దక్కుతుంది.

బ్లేక్ లెబారన్ 1999లో ప్రచురించిన పరిశోధన ఈ వాదానికి గణాంకపు బలాన్ని ఇచ్చింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ జోక్యం చేసుకున్న రోజులను లెక్క నుంచి తొలగిస్తే, చలన సగటు నియమాల లాభం గణనీయంగా పడిపోయింది. జోక్యమే లాభాన్ని సృష్టించిందా, లేక జోక్యానికి దారితీసిన తీవ్ర కదలికలే నియమానికీ అనుకూలించాయా అన్నది ఈ ఫలితం నుంచి మాత్రమే తేల్చలేము. అయినా యంత్రపు ‘తెలివి’గా కనిపించింది నిజానికి ప్రభుత్వ విధానంతో ముడిపడి ఉన్నదని అది స్పష్టం చేసింది.

ప్రభుత్వ హామీని నమ్ముకున్న వ్యూహానికి ఎదురయ్యే ప్రమాదాన్ని 1992 సెప్టెంబరు 16 చూపింది. 1990 అక్టోబరులో యూరోపియన్ మారకపు రేటు యంత్రాంగంలో చేరిన బ్రిటన్, పౌండును 2.95 జర్మన్ మార్కుల కేంద్ర విలువకు 6 శాతం అటూ ఇటూ ఉంచుతానని అంగీకరించింది. కింది హద్దు వద్ద కొని, పై హద్దు దగ్గర అమ్మే నియమం అటువంటి ఏర్పాటులో ఎంతో సురక్షితంగా కనిపిస్తుంది. ఆ రోజు బ్రిటన్ వడ్డీ రేటును 10 నుంచి 12 శాతానికి పెంచి, మర్నాటి నుంచి 15 శాతం చేస్తామని ప్రకటించింది. అయినా పౌండు నిలవలేదు. సాయంత్రానికి బ్రిటన్ ఆ యంత్రాంగం నుంచి వైదొలగింది. రెండేళ్ల గత సమాచారంలో ఎక్కడా కనిపించని ధర ఒక్క రోజులో వాస్తవమైంది.

5. తెర మీది విపణి – యంత్రమే ఆర్డరు పెట్టిన దశ:

1980ల వరకు నియమాన్ని కంప్యూటరు లెక్కించినా, ఆర్డరును మనిషి టెలిఫోనులోనో టెలెక్స్‌లోనో చెప్పేవాడు. ఈ స్థితి మారడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1973లో రాయిటర్స్ సంస్థ మానిటర్ సేవ ద్వారా బ్యాంకుల రేట్లను తెరపై చూపడం ప్రారంభించింది. 1981లో అదే సంస్థ తెరపై సంభాషించి వ్యాపారం కుదుర్చుకొనే సౌకర్యాన్ని తెచ్చింది. 1992లో డీలింగ్ 2000-2, 1993లో పలు బ్యాంకులు కలిసి నెలకొల్పిన ఈబీఎస్ వచ్చాయి. కొనుగోలు, అమ్మకపు ఆర్డర్లను వాటంతటవే జతపరచే ఎలక్ట్రానిక్ వేదికలు ఇవి. బ్రోకర్ల అరుపులతో నిండిన గదులు క్రమంగా నిశ్శబ్దమయ్యాయి.

దీనితో రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, ధరల చరిత్ర రోజుకొక అంకె నుంచి క్షణక్షణపు అంకెలకు విస్తరించింది. రిచర్డ్ ఒల్సెన్ 1985లో జ్యూరిక్‌లో స్థాపించిన పరిశోధన సంస్థ ఇటువంటి సూక్ష్మ సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, పరిశోధకులకు అందించింది. రెండవది, ధర, ఆర్డరు రెండూ ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నాయి కాబట్టి మధ్యలో మనిషి అవసరం తగ్గింది. 2003 నుంచి ఈబీఎస్ వేదికపై కంప్యూటర్లు నేరుగా ఆర్డర్లు పంపడం మొదలైంది.

ఈ దశలో వ్యూహ స్వభావం కూడా మారింది. త్రికోణ ఆర్బిట్రేజ్ ఇందుకు మంచి ఉదాహరణ. యూరోకు 1.20 డాలర్లు, డాలరుకు 100 యెన్లు పలుకుతున్నప్పుడు యూరోకు 120 యెన్లు ఉండాలి. అదే క్షణంలో ఎక్కడైనా 120.10 యెన్లు కనిపిస్తే, మూడు లావాదేవీలను ఒకేసారి జరిపి ఆ తేడాను పొందవచ్చు. ఇక్కడ భవిష్యత్తును ఊహించనవసరం లేదు. మిగిలిన వారికన్నా ముందుండటమే అవసరం. అలెన్ షబూ, బెంజమిన్ చికోయిన్, ఎరిక్ యాల్మార్సన్, క్లారా వేగా 2003–2007 కాలపు ఈబీఎస్ సమాచారాన్ని పరిశీలించి, యంత్ర వ్యాపారం పెరిగేకొద్దీ ఇటువంటి అవకాశాలు తగ్గాయని నిరూపించారు. ధరలు మరింత పొందికగా మారాయన్నది దీని అర్థం. యంత్రాల వల్ల ఒడిదుడుకులు పెరిగాయనడానికి వారికి స్పష్టమైన ఆధారం లభించలేదు. అయితే మనుషుల నిర్ణయాలకన్నా యంత్రాల నిర్ణయాలు ఒకదానితో ఒకటి ఎక్కువగా పోలి ఉన్నాయని వారు గుర్తించారు. మామూలు రోజుల్లో హాని చేయని ఈ పోలిక, అసాధారణమైన రోజున ఏమవుతుందన్న ప్రశ్న మిగిలింది.

వేగమే ఆస్తి అయినప్పుడు వేదిక నిబంధన చిన్నగా మారినా వ్యూహం దెబ్బతింటుంది. 2011లో ఈబీఎస్ ధరను మరొక దశాంశ స్థానం వరకు చూపడం మొదలుపెట్టింది. అతి స్వల్ప తేడాతో ముందు వరుసలోకి చొరబడే యంత్రాలకు ఇది అనుకూలించిందని బ్యాంకుల డీలర్లు అసంతృప్తి చెందారు. 2012లో ఆ సంస్థ కొంత వెనక్కి తగ్గింది. ఆ తర్వాత, ముందుగా వచ్చిన ఆర్డరుకే ప్రాధాన్యం అన్న సూత్రాన్ని సడలించి, స్వల్ప వ్యవధిలో వచ్చిన ఆర్డర్లను యాదృచ్ఛిక క్రమంలో స్వీకరించే పద్ధతిని 2013లో ప్రవేశపెట్టింది. యంత్రాల లాభనష్టాలను నిర్ణయించేది వాటి వేగం ఒక్కటే కాదనీ, ఆ వేగానికి విలువ కట్టే నిబంధన కూడాననీ దీనివల్ల అవగతమవుతుంది.

6. గతాన్ని బట్టీపట్టే ప్రమాదం:

సమాచారం, గణన శక్తి పెరగడంతో నియమాన్ని మనిషి ఊహించనవసరం లేకుండా యంత్రమే వెదికే పద్ధతులు వచ్చాయి. క్రిస్టఫర్ నీలీ, పాల్ వెల్లర్, రాబర్ట్ డిట్‌మార్ 1997లో జన్యు ప్రోగ్రామింగ్ అనే పద్ధతిని కరెన్సీలకు వర్తింపజేశారు. ఇందులో వేలకొద్దీ నియమాలు పోటీపడి, మెరుగైనవి కలిసి కొత్త నియమాలను కంటాయి. ఈ పరిశోధకులు ఒక జాగ్రత్త తీసుకున్నారు. నియమాలను 1981కి పూర్వపు సమాచారంతో ఎంపిక చేసి, అవి చూడని 1981–1995 కాలంపై పరీక్షించారు. అప్పటికీ లాభం కనిపించింది.

ఆ జాగ్రత్త ఎందుకు అవసరమో ఒక సామాన్య ఉదాహరణతో చెప్పవచ్చు. పాత ప్రశ్నపత్రాల జవాబులను బట్టీపట్టిన విద్యార్థికి అదే పత్రం ఇస్తే నూటికి నూరు వస్తాయి. అది జ్ఞానానికి కొలత కాదు. ఒకే గత సమాచారంపై వేల నియమాలను ప్రయత్నిస్తే, వాటిలో కొన్ని కేవలం యాదృచ్ఛికంగా గొప్ప లాభాన్ని చూపుతాయి. విఫలమైన వేల నియమాలను చెప్పకుండా గెలిచిన ఒక్కదాన్ని చూపడం మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా మోసమే అవుతుంది. హాల్బర్ట్ వైట్ 2000లో ప్రతిపాదించిన ‘వాస్తవ పరీక్ష’ ఈ లోపాన్ని సరిదిద్దే గణాంక పద్ధతి. ప్రయత్నించిన నియమాలన్నిటినీ పరిగణనలోకి తీసుకొని, వాటిలో ఉత్తమమైన దాని ఫలితం యాదృచ్ఛికమా కాదా అని అది తేలుస్తుంది. మిన్ క్వీ, యాంగ్రూ వూ 2006లో 2,127 నియమాలను ఈ పద్ధతిలో కరెన్సీలపై పరీక్షించారు. మొత్తం కాలానికి లాభం నిలిచినా, తర్వాతి భాగంలో అది బాగా బలహీనపడింది.

నీలీ, వెల్లర్, జాషువా ఉల్రిచ్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ ధారకు ఒక ముగింపునిచ్చింది. 1970, 1980 దశకాల్లో వడపోత, చలన సగటు నియమాలు చూపిన లాభం నిజమైనదే. అది గణాంకపు భ్రమ కాదు. కానీ 1990ల ఆరంభానికి ఆ లాభం మాయమైంది. ఎక్కువమందికి తెలియని సంక్లిష్ట నియమాల లాభం మాత్రం నెమ్మదిగా తగ్గింది. తెలిసిన నియమాన్ని అందరూ వాడితే దాని ఫలం కరిగిపోతుందని దీని సారాంశం. ప్రకృతి శాస్త్రాల నియమానికీ విపణి నియమానికీ ఉన్న భేదం ఇక్కడే ఉంది. గ్రహగతిని లెక్కించినందువల్ల గ్రహం దారి మార్చుకోదు. విపణిని లెక్కిస్తే అది మారుతుంది.

7. రెండు సంఘటనలు – 2015, 2016:

స్విస్ నేషనల్ బ్యాంక్ 2011 సెప్టెంబరు 6న యూరో విలువను 1.20 ఫ్రాంకులకు తగ్గనివ్వబోమని ప్రకటించింది. మూడేళ్లకు పైగా ఆ హద్దు నిలిచింది. ఆ కాలపు సమాచారంతో పరీక్షించిన ఏ నియమమైనా 1.20కి కొంచెం పైన యూరోను కొనడం దాదాపు ప్రమాదరహితమని చెబుతుంది. 2015 జనవరి 15న బ్యాంకు ముందస్తు సూచన లేకుండా ఆ హద్దును తొలగించింది. నిమిషాల్లో యూరో విలువ ఒక ఫ్రాంకు కన్నా బాగా కిందికి పడిపోయింది. నష్టాన్ని పరిమితం చేయడానికి 1.19 వద్ద పెట్టిన స్టాప్-లాస్ ఆర్డర్లు ఆ ధరకు అమలు కాలేదు, ఎందుకంటే ఆ ధరకు కొనేవారు లేరు. మార్జిన్‌గా పెట్టిన సొమ్ముకు యాభై రెట్ల విలువైన వ్యాపారం చేసినవారి సొమ్ము 2 శాతం కదలికతోనే హరించుకుపోతుంది. ఆనాటి కదలిక దానికి ఎన్నో రెట్లు. పెట్టిన సొమ్ము పోవడమే గాక ఖాతాదారులు బ్రోకర్లకు బాకీ పడ్డారు. అమెరికాకు చెందిన ఎఫ్‌ఎక్స్‌సీఎం సంస్థకు ఖాతాదారుల నుంచి రావలసిన అటువంటి బాకీ సుమారు 22.5 కోట్ల డాలర్లు. నిష్క్రమణ నియమం ప్రోగ్రాములో తప్పు లేకుండానే రాసి ఉంది. ఆ ధరకు కొనేవాడు ఎప్పుడూ ఉంటాడన్న ఊహే తప్పింది.

2016 అక్టోబరు 7న పౌండుకు జరిగినది మరో రకమైన పాఠం. లండన్‌లో అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు, అంటే భారత కాలమానం ప్రకారం తెల్లవారుజామున నాలుగున్నర దాటాక, పౌండు డాలరుతో సుమారు 9 శాతం పడిపోయి, అంతే త్వరగా చాలావరకు తేరుకుంది. ఏ కేంద్ర బ్యాంకూ ఏ ప్రకటనా చేయలేదు. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు మార్కెట్ల కమిటీ 2017 జనవరిలో ఇచ్చిన నివేదిక ఏ ఒక్క కారణాన్నీ దోషిగా చూపలేదు. వ్యాపారం పలచగా ఉండే వేళ కావడం, ఆ వేళలో అనుభవం గల సిబ్బంది తక్కువగా ఉండటం, ధర పడేకొద్దీ అమ్మకాలు పెరిగే ఒప్పందాల రక్షణ చర్యలు వంటివి కలిసి పనిచేశాయని వివరించింది. మరో అంశం కూడా గమనార్హం. చికాగో ఎక్స్ఛేంజ్‌లో ధర మితిమీరి కదిలినందుకు భద్రతా ఏర్పాటు ప్రకారం ఫ్యూచర్స్ వ్యాపారం కొద్ది సేపు ఆగింది. ఆ ధరను ఆధారంగా తీసుకొని ఇతర వేదికలపై రేట్లు ఇచ్చే యంత్రాలు ఆధారం పోవడంతో తప్పుకున్నాయి. ఒకచోట రక్షణగా పెట్టిన నియమం మరోచోట కొనుగోలుదారుల లేమికి దోహదం చేసింది. యంత్రాల ప్రవర్తన ఒకదానినొకటి పోలి ఉంటుందని పూర్వపు పరిశోధన గుర్తించిన లక్షణం ప్రమాదంగా మారే తీరును ఈ సంఘటన సూచిస్తుంది.

8. సామాన్య మదుపరి చేతికి యంత్రం:

2000 తర్వాత ఇంటర్నెట్ వ్యాప్తితో స్వయంచాలిత వ్యాపారం బ్యాంకుల గదులు దాటింది. మెటాకోట్స్ సంస్థ 2005లో విడుదల చేసిన మెటాట్రేడర్ 4 ఇందులో ప్రధాన పాత్ర వహించింది. అందులోని ప్రోగ్రామింగ్ భాషతో ఎవరైనా తమ నియమాన్ని రాసి, పాత ధరలపై పరీక్షించి, ఖాతాకు జోడించవచ్చు. అటువంటి ప్రోగ్రాములను ‘ఎక్స్‌పర్ట్ అడ్వైజర్’ అని పిలవడం మొదలైంది. నిపుణుడు, సలహాదారు అనే ఈ పేరే యంత్రానికి లేని అధికారాన్ని ఆపాదించింది.

ఇక్కడ అసమానత స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద సంస్థకు సూక్ష్మ సమాచారం, వేగవంతమైన అనుసంధానం, తక్కువ లావాదేవీ ఖర్చు, పరిశోధన సిబ్బంది ఉంటాయి. సామాన్యుడికి దక్కేది పరీక్షించే మీట మాత్రమే. కొనుగోలు, అమ్మకపు ధరల మధ్య తేడా అతనికి ఎక్కువ. ఆ తేడాను సరిగా లెక్కించని పరీక్ష కాగితంపై లాభం చూపి ఖాతాలో నష్టం మిగులుస్తుంది. యూరోపియన్ సెక్యూరిటీస్ అండ్ మార్కెట్స్ అథారిటీ 2018లో ధర వ్యత్యాస ఒప్పందాలపై పరిమితులు విధిస్తూ, వాటిలో 74 నుంచి 89 శాతం చిన్న మదుపరుల ఖాతాలు నష్టపోతున్నాయని వెల్లడించింది. ప్రధాన కరెన్సీలలో వ్యాపారాన్ని మార్జిన్‌కు 30 రెట్లకు పరిమితం చేసి, ఖాతాలోని సొమ్మును మించి నష్టం రాకూడదని నిబంధన పెట్టింది. 2015 స్విస్ ఉదంతం నేర్పిన పాఠం ఈ రెండవ నిబంధనలో కనిపిస్తుంది.

9. భారతీయ సందర్భం:

1975 నుంచి రూపాయి విలువ పలు ద్రవ్యాల సముదాయంతో ముడిపడి ఉండేది. 1992 మార్చిలో ద్వంద్వ రేట్ల పద్ధతి, 1993 మార్చిలో విపణి నిర్ణయించే ఏకీకృత రేటు వచ్చాయి. అయినా తీవ్ర ఒడిదుడుకులను అరికట్టడానికి రిజర్వ్ బ్యాంక్ జోక్యం కొనసాగుతూనే ఉంది. అందువల్ల ఇక్కడ నియమాలు రాసేవారికి ఆ జోక్యం ధరల్లో అంతర్భాగమే.

కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాల రెడ్డి గవర్నరుగా ఉన్న చివరి వారాల్లో, 2008 ఆగస్టు 6న, రిజర్వ్ బ్యాంక్ కరెన్సీ ఫ్యూచర్స్‌పై ఆదేశాలు జారీ చేసింది. ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో డాలరు-రూపాయి ఫ్యూచర్స్ ప్రారంభమయ్యాయి. ఒప్పందం పరిమాణం వెయ్యి డాలర్లే కావడంతో చిన్న వ్యాపారులకూ ప్రవేశం దొరికింది. 2012 మార్చి 30న సెబీ అల్గారిథమ్ వ్యాపారానికి సమగ్ర మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఈ విపణిలో పనిచేసిన వ్యూహాలకు 2024 పెద్ద పరీక్ష అయింది. ఎక్స్ఛేంజీలలోని కరెన్సీ ఒప్పందాలు వాస్తవమైన విదేశీ మారక అవసరం ఉన్నవారి రక్షణ కోసమేనని 2024 జనవరి 5 నాటి ఆదేశాలతో రిజర్వ్ బ్యాంక్ స్పష్టం చేసింది. 10 కోట్ల డాలర్ల వరకు పత్రాలు చూపనవసరం లేకపోయినా, అసలు అవసరం ఉండి తీరాలి. ఏప్రిల్‌లో అమలు కావలసిన ఈ ఆదేశాలు మే 3కు వాయిదా పడ్డాయి. ఎగుమతులు గానీ దిగుమతులు గానీ లేక, ధరల కదలికను మాత్రమే నమ్ముకున్న వ్యాపారులు తప్పుకోవలసి వచ్చింది. లావాదేవీలు భారీగా తగ్గాయి. పదిహేనేళ్ల గత సమాచారంపై ఎంత శ్రద్ధగా పరీక్షించిన నియమమైనా ఈ మార్పును చెప్పగలిగేది కాదు. రిజర్వ్ బ్యాంక్ దృష్టిలో అది కొత్త నిబంధన కాదు, పాత నిబంధనకు వివరణ. అంటే ఆ ప్రమాదం ధరల పట్టికలో లేకపోయినా చట్టపు పాఠంలో ముందు నుంచీ ఉంది.

మరోవైపు, అనుమతి లేని విదేశీ వేదికల్లో కరెన్సీ వ్యాపారం చేయడం విదేశీ మారక నిర్వహణ చట్టం, 1999 ప్రకారం చట్టపరమైన చర్యకు దారితీస్తుందని హెచ్చరిస్తూ రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో 34 పేర్లతో జాబితా ప్రకటించింది. తర్వాత దాన్ని విస్తరించింది. ‘రోబో’ మీ బదులు సంపాదిస్తుందనే ప్రచారాన్ని నమ్మే గృహస్థుకు అల్గారిథమ్ నాణ్యత రెండవ ప్రశ్న. ఆ వేదిక చట్టబద్ధమైనదా అన్నది మొదటిది.

2025 ఫిబ్రవరి 4న సెబీ చిన్న మదుపరుల అల్గారిథమ్ వ్యాపారంపై ఇచ్చిన ఆదేశం కరెన్సీలకే పరిమితమైనది కాకపోయినా, ఈ చర్చకు సంబంధించినదే. తర్కం వినియోగదారుకు తెలిసే అల్గారిథమ్‌లను, తర్కం తెలియని వాటిని అది వేరు చేసింది. రెండవ రకాన్ని అందించేవారు పరిశోధన విశ్లేషకులుగా నమోదై, ప్రతి అల్గారిథమ్‌కూ పరిశోధన నివేదికను భద్రపరచాలి. యంత్రం వెనుక ఉన్న ఊహలను ఎవరో ఒకరు రాసి, వాటికి బాధ్యత వహించాలని దీని సారం.

10. ముగింపు:

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. స్థిర రేట్ల వ్యవస్థ ముగియడమే కరెన్సీలలో నియమబద్ధ వ్యూహాలకు పునాది. సాంకేతికత తర్వాత వచ్చింది.

2. తొలి రెండు దశాబ్దాల లాభం నిజమైనదే. కానీ అది నియమపు శాశ్వత గుణం కాదు. కేంద్ర బ్యాంకుల జోక్యంతోనూ, ఆ నియమం కొద్దిమందికే తెలిసి ఉండటంతోనూ దానికి సంబంధం ఉంది.

3. గత సమాచార పరీక్ష అవసరమే, కానీ చాలదు. ప్రయత్నించి వదిలేసిన నియమాల సంఖ్య తెలియకుండా గెలిచిన నియమాన్ని అంచనా వేయలేము.

4. 1992, 2015, 2024 ఘటనలు మూడూ ధరల పట్టికలో జాడలేని సంస్థాగత మార్పులే. 2016 ఘటన యంత్రాలు పరస్పరం ఆధారపడటం వల్ల కలిగే ప్రమాదాన్ని చూపింది.

5. స్వయంచాలనం మానవ నిర్ణయాన్ని తొలగించలేదు; దాన్ని వ్యాపార క్షణం నుంచి రూపకల్పన దశకు తరలించింది. తప్పు జరిగినప్పుడు బాధ్యత కూడా అక్కడికే చేరాలి.

కాబట్టి స్వయంచాలిత వ్యూహాన్ని అధ్యయనం చేసేవారు ప్రోగ్రామును, లాభాల పట్టికను మాత్రమే కాక, అది ఏ చట్టాన్ని, ఏ హామీని, ఏ వేదిక నిబంధనను స్థిరంగా భావించిందో కూడా వెలికితీయవలసి ఉంది. ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రంతోపాటు సంస్థల చరిత్ర కూడా ఈ రంగంలో ఆచరణకు అవసరమైన విద్యేనని ఈ అర్ధ శతాబ్దపు అనుభవం తెలుపుతోంది.